సామాన్ల గదిలో పెరిగిన పిల్ల

రేవు మూతపడి పదేళ్ళు దాటినా ఆ పేటలో పాతవాళ్ళు ఆమెను ఇంకా బిళ్ళలమ్మ అనే పిలిచేవారు. ఓడ ఎక్కడానికి వచ్చినవాళ్ళు తమ పెట్టెలూ మూటలూ దాచుకునే సామాన్ల గదిని ఆమె చాలా ఏళ్ళు చూసుకుంది. సామాను లోపల పెట్టి అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేది. బిళ్ళ తెచ్చి చూపిస్తే సామాను తిరిగి ఇచ్చేది. ఆమె భర్త అదే రేవులో ఓడలకు మోకులు కట్టే పనిలో ఉండి, ఒక వానాకాలం జ్వరంతో మంచం పట్టి మరి లేవలేదు. ఏడాది నిండని ఆడపిల్లను చంకనేసుకుని వచ్చి నిలబడ్డ ఆమెను చూసి పై అధికారులు జాలిపడి ఆ గది అప్పగించారు.

ఆ పిల్ల అక్కడే పెరిగింది. కింది అరలో దుప్పటి పరిచి పడుకోబెడితే పెట్టెల మధ్య మరో పెట్టెలా నిద్రపోయేది. ఓడ దిగి సామాను కోసం వచ్చినవాళ్ళు, "దీని బిళ్ళ ఎవరి దగ్గరుందమ్మా?" అని నవ్వేవారు. "దీనికి బిళ్ళ లేదు, ఎవరికీ ఇచ్చేది కాదు" అనేది తల్లి. ఓడ వచ్చిన ప్రతిసారీ అదే పరిహాసం, అదే జవాబు. ఎవరికీ విసుగు పుట్టేది కాదు.

పిల్ల పెద్దదయింది. చదువుకుంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఒక ఆడపిల్లను కన్నది. ఆ పసిదానికి రెండేళ్ళు వచ్చీ రాకముందే, ఒక పొద్దున తలనొప్పిగా ఉందంటూ స్నానాలగది గోడకు ఆనుకుని కూర్చున్నది మళ్ళీ లేవలేదు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు.

నెల తిరక్కుండా అల్లుడు తన అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లనెత్తుకుని, రెండు సంచుల బట్టలతో అత్తగారింటికి వచ్చేశాడు. అత్తా అల్లుడూ ఒక కప్పు కింద ఉంటే ఎవరో ఒకరు త్వరలోనే మూటాముల్లే సర్దుకుంటారని ఇరుగుపొరుగు తీర్మానించారు. అలా జరగలేదు. ఆమె వండితే అతను గిన్నెలు తోమేవాడు. ఆమె చూపు మందగించిందని కనిపెట్టి అడక్కుండానే కళ్ళద్దాలు చేసి తెచ్చి పెట్టాడు. వాళ్ళిద్దరికీ పేచీ అంటూ వస్తే ఫ్యాను ఎంత జోరుగా తిరగాలన్న దానిమీదే వచ్చేది. పిల్లకి పిచ్చుక అని ముద్దుపేరు. తిండి చూస్తే పిచ్చుక తిండి, నోరు మాత్రం చెట్టునిండా వాలిన పిచ్చుకల గుంపంత.

రేవు మూసి, దూరంగా వంతెన కట్టాక, చాలాకాలం ఆ చోటు పాడుబడి ఉంది. తర్వాత ఏదో కంపెనీ దాన్ని తీసుకుని విహారకేంద్రం చేసింది. తిరిగే చక్రాలు, కాఫీ దుకాణాలు, సముద్రపు నీళ్ళను గోడల మధ్య ఆపి కట్టిన ఈతకొలను. ఏడాదిగా అల్లుడు ప్రతి ఆదివారం పిచ్చుకను అక్కడికే ఈతకు తీసుకెళ్ళేవాడు. బిళ్ళలమ్మ మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పేది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. రేవు మూసినరోజు తాళంచెవులు అప్పజెప్పి వచ్చాక ఆ వైపు చూడాలంటే ఆమెకు మనసొప్పేది కాదు.

ఒక శనివారం సాయంత్రం అల్లుడు తన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"రేపు మీరు కూడా రండి అత్తయ్యా. మీ రేవు ఎలా తయారైందో చూద్దురుగాని."

"ఇప్పుడేం చూస్తాను బాబూ. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా."

"బస్సు గేటు దాకా వెళ్తుంది. నడిచే పని లేదు." అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు. "రావాలి. మీరొస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఈతకొలనుకు వెళ్ళడానికి ధైర్యమెందుకో ఆమెకు అర్థం కాలేదు. నీళ్ళంటే భయమేమో అనుకుని సరేనంది.

బస్సులో పిచ్చుక అమ్మమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. అల్లుడికి సీటు దొరక్క ముందువైపు నిలబడ్డాడు. సముద్రపు గాలి తగలడం మొదలయ్యాక పిల్ల అమ్మమ్మ చెవి దగ్గరకు వచ్చి రహస్యంగా అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు ఆవిడ ముందు ఏడవవు కదా?"

"ఎవరి ముందు?"

పిల్ల చప్పున రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి, "నాన్న చెప్పొద్దన్నాడు" అంది.

బిళ్ళలమ్మ పిల్ల జడ ఊడిపోయిందని విప్పి మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ పిల్ల. పొద్దున లేచింది మొదలు కాకి వాలితే చెప్తుంది, గిన్నె జారితే చెప్తుంది, కలలో ఏం తిన్నదో కూడా చెప్తుంది. అలాంటిది కడుపులో ఇంత మాట పెట్టుకుని రోజూ తన పక్కలోనే పడుకుంది. అల్లుడు దాచాడన్న దానికన్నా పిల్లకి దాచడం చేతనయిందన్న సంగతే ఆమెను ఎక్కువ నొప్పించింది.

బస్సు దిగి చూస్తే తాను ఎక్కడికి వచ్చిందో ఆమెకు ముందు తెలియలేదు. లారీలు వరస కట్టే మైదానంలో రంగుల గుర్రాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. టికెట్లు అమ్మిన హాలు కాఫీ దుకాణమైంది. పాత కిటికీలు అలాగే ఉంచి, వాటిలోంచి కాఫీ కప్పులు అందిస్తున్నారు. ఒక పాత ఓడను గట్టుకు బిగించి హోటలు చేశారు. దాని పొట్టకు తెల్లరంగు వేసి వరసగా దీపాలు కట్టారు. బురద లేదు, డీజిలు కంపు లేదు, అరుపులు లేవు. తిట్టుకుందామని వచ్చిన మనిషికి తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి, "అద్దంలా ఉంది. మా రోజుల్లో ఇందులో సగం శుభ్రంగా ఉన్నా సగం రోగాలు తప్పేవి" అని అల్లుడితో అంది. అతను అవసరానికి మించి నవ్వాడు.

అతను టికెట్లకు వెళ్ళినప్పుడు, పిల్ల గుర్రాల దగ్గరకు పరుగెత్తినప్పుడు, "బిళ్ళలమ్మా" అని ఎవరో పిలిచారు. తెల్లకోటు, పసుప్పచ్చ గుండీలు, నెత్తిన కెప్టెన్ టోపీ పెట్టుకున్న ముసలాయన. పరీక్షగా చూస్తే కూలీల మేస్త్రీ. ఒకప్పుడు ఈ రేవులో మూట ఎత్తాలన్నా దింపాలన్నా ఆయన నోటిమాట పడాలి.

"ఏమిటీ వేషం మేస్త్రీ? కెప్టెన్ అయ్యావా?"

"అయ్యాను, ఓడలన్నీ పోయాక." ఆయన టోపీ సర్దుకున్నాడు. "వీపు విరిగేలా మూటలు మోసినన్నాళ్ళు ఒక్కడూ మొహం చూడలేదు. ఇప్పుడు ఊరికే నిలబడితే పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. నీ మనవరాలు చెప్పింది, మా అమ్మమ్మది సామాన్ల గది అని. అప్పట్నుంచీ చూస్తున్నా, నువ్వెప్పుడొస్తావా అని."

"ఇదిగో, వచ్చాను."

"మీ అమ్మాయి మాత్రం గుర్తుపట్టలేనంత ఎదిగిపోయింది సుమా." మేస్త్రీ కొలను వైపు చూస్తూ అన్నాడు. "ప్రతి ఆదివారం చూస్తుంటాను. పాఠం అయిపోయాక ముగ్గురూ ఆ మెట్లమీద కూర్చుని ఏదో ఒకటి తింటుంటారు. పలకరిద్దామనుకుంటాను, మెళ్ళో ఈల వేసుకుని హడావిడిగా తిరుగుతుంటే మొహమాటమేస్తుంది. పెట్టెల మధ్య పడి నిద్రపోయిన పిల్లేనా, ఇప్పుడు ఇంతమందికి ఈత నేర్పేది అని మురిసిపోతుంటాను."

బిళ్ళలమ్మకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. బస్సులో పిల్ల మాట, నిన్న అల్లుడన్న ధైర్యం మాట, ఏడాది ఆదివారాలు, అన్నీ వచ్చి ఒకచోట కూర్చున్నాయి. మేస్త్రీకి నిజం చెప్పాలి. ఆ అమ్మాయి వేరు, మా అమ్మాయి లేదు అని చెప్పాలి. నోరు తెరిచింది.

"అవును మేస్త్రీ. ఎదిగింది."

"ఆరోగ్యంగా ఉంటుందిగా?"

"ఉంటుంది."

"చల్లగా ఉండనీ" అన్నాడు మేస్త్రీ. ఫోటో కోసం ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఆ రెండు మాటలు అంటున్నంతసేపూ ఆమె కూతురు బతికే ఉంది. ఎండలో, మెళ్ళో ఈలతో, ఈ గట్టుమీదే తిరుగుతోంది. బిళ్ళలమ్మ అక్కడున్న ఇనుపస్తంభం పట్టుకుని నిలబడింది. ఓడలకు మోకులు కట్టే స్తంభమే, నీలంరంగు వేశారు. అల్లుడు టికెట్లతో వచ్చి, "కళ్ళు తిరుగుతున్నాయా అత్తయ్యా?" అని చెయ్యి పట్టుకున్నాడు. ఎండ అంది.

ఈత టీచర్ వాళ్ళకు ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వెడల్పాటి భుజాలు, ఎండకు కమిలిన ముక్కు, తడిజుట్టు వెనక్కి దువ్వి కట్టింది. నమస్కారం పెట్టబోయి చేతిలోని తువ్వాలు జారవిడిచింది. దాన్ని తీయడానికి వంగితే మెళ్ళోని ఈల ఊగి పళ్ళకు తగిలింది.

"రండి, రండి. ఎండగా ఉంది కదండీ. కూర్చుంటారా? నీళ్ళు తెమ్మంటారా?" అన్నీ ఒక్క ఊపిరిలో అడిగింది.

బిళ్ళలమ్మ ఆమె నుదుటిమీదకు ఎత్తి పెట్టుకున్న ఈత కళ్ళద్దాలను చూస్తోంది. వాటిలో పవరు అద్దాలు బిగించి ఉన్నాయి. అంచుల దగ్గర అంత నున్నగా అరగదీసే చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. తన ముక్కుమీద ఉన్నవీ ఆ చెయ్యి చేసినవే.

"వద్దమ్మా. పిల్ల ఈత చూడ్డానికొచ్చాను. చూసి వెళ్తాను" అంది.

ఓడ తలుపు దించి బళ్ళు ఎక్కించే ఏటవాలు గట్టుమీంచి ఇప్పుడు పిల్లలు నీళ్ళలోకి జారుతున్నారు. పిచ్చుక వంతు వచ్చింది. పిల్ల గట్టు చివర నిలబడి ముక్కు మూసుకుని దూకేసింది. నీళ్ళు ఆమెను మింగాయి. మెట్లమీద కూర్చున్న బిళ్ళలమ్మ లేచి నిలబడింది. పిల్ల తల పైకి తేలింది. నీళ్ళు ఉమ్మి, గాలి పీల్చి, "అమ్మా" అని కేక పెట్టింది.

ముల్లు గుచ్చుకున్నా, తలుపు వేలికి తగిలినా ఎవరి నోటినుంచైనా వచ్చే మాటే అది. ముసలివాళ్ళు కూడా అంటారు. ఆ మాటకు ఎవరూ తిరిగి చూడరు. కాని పిచ్చుక ఆ కేక వేస్తూ చూసింది. గట్టుమీద నిలబడ్డ టీచర్ వైపు చూసింది. టీచర్ ఒక అడుగు ముందుకు వేసి, బిళ్ళలమ్మ ఉందని గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయింది. వేసిన అడుగు వెనక్కి తీసుకోవాలా వద్దా తెలియక అలాగే ఉండిపోయింది. పిల్ల తనంతట తానే కాళ్ళు ఆడించుకుంటూ ఒడ్డు చేరింది. బాగా ఈదుతోంది. ఏడాదిలో ఇంత బాగా నేర్పిన మనిషిని మెచ్చుకోవాలి, ఎవరైనా సరే.

పాఠం సాగుతుండగా అల్లుడు రెండు కాఫీలు తెచ్చాడు. పాత టికెట్ల కిటికీ పక్కన బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. అతను కాఫీ తాగలేదు, కప్పును అరచేతుల మధ్య తిప్పుతున్నాడు.

"ఎన్నాళ్ళయింది బాబూ?" అని ఆమే అడిగింది.

అతను తలదించుకున్నాడు. "పిల్ల చెప్పిందా?"

"పిల్ల చెప్పలేదు. బాగా నేర్పావు దానికి."

ఆ మాటకి అతని చెవులు ఎర్రబడ్డాయి. కప్పు తిప్పడం ఆపి అన్నాడు. "ఏడాది కావస్తోంది. రోజూ చెబుదామనే ఇంటికొచ్చేవాణ్ణి అత్తయ్యా. మీరు కంచం పెట్టి, చల్లారిపోతుంది తిను అనేవారు. ఇక నోరు పెగిలేది కాదు."

"నేను కాదంటాననుకున్నావా?"

"అనరు. అందుకే చెప్పలేకపోయాను. మీరు తిట్టే మనిషైతే మొదటిరోజే చెప్పి తిట్లు తినేవాణ్ణి."

ఆమె కాఫీ తాగింది. చేదుగా ఉందో తియ్యగా ఉందో తెలియలేదు. "మంచి పిల్లేనా?" అంది.

"మంచిది. ఇంతకు ముందొక పెళ్ళయి విడిపోయింది. పిల్లలు లేరు. పిచ్చుకంటే ప్రాణం." అతను కప్పు బల్లమీద పెట్టాడు. "ఇంకొకటుంది. వీళ్ళ కంపెనీ వేరే తీరంలో ఇలాంటిదే కడుతోంది. అక్కడ కొలను మొత్తం ఆమెకు అప్పజెప్తున్నారు. నేను కూడా అక్కడ ఒక దుకాణంలో మాట్లాడుకున్నాను. బడులు తెరిచేలోగా వెళ్ళాలి."

"పిల్లా?"

అతను కొలను వైపు చూశాడు. అడగాల్సిన ప్రశ్న కాదు. తండ్రి ఎక్కడుంటే పిల్ల అక్కడే. ఆ మాట ఎవరిని అడిగినా చెప్తారు. అయినా ఆమె అడిగింది, అడక్కుండా ఉండలేకపోయింది.

"మీరు కూడా రండి" అన్నాడతను. "నిజంగా చెప్తున్నాను. ఇల్లు పెద్దదే చూశాం. ఆమె కూడా అడగమంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. మనస్ఫూర్తిగానే అడిగాడు. అందులో కల్మషం లేదు. కాని అడిగి ఊపిరి బిగబట్టాడు. పోయిన భార్య తల్లి వచ్చి కొత్త భార్య వంటింట్లో నిలబడితే, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు తప్పించుకుంటూ తిరగాల్సిందే. ఆ సంగతి అతనికీ తెలుసు.

"నేనెక్కడికి వస్తాను బాబూ. ఈ మోకాళ్ళతో కొత్తచోటు నావల్ల కాదు. పైన అద్దెకున్నాయన ఉన్నాడు, ఇల్లు చూసుకోవాలి. మీరే అప్పుడప్పుడు వచ్చి కనపడండి."

అతను ఊపిరి వదిలాడు. వదిలింది ఆమెకు వినపడింది. అది వినపడిందని అతనికీ తెలిసింది. తల పక్కకు తిప్పుకుని కళ్ళద్దాలు తీసేశాడు. ఈసారి తుడుచుకున్నది అద్దాలను కాదు.

పిల్లను బట్టలు మార్చడానికి తీసుకెళ్తున్నాను, మీరూ రండి అని టీచర్ వచ్చి పిలిచింది. హాలు వెనక సందు తిరిగి, మూడు మెట్లు దిగి లోపలికి అడుగుపెట్టగానే బిళ్ళలమ్మ కాళ్ళకు ఆ చోటు తెలిసిపోయింది. సామాన్ల గదే. గోడలకు తెల్ల పలకలు అతికించారు. అరలున్నచోట వరసగా చిన్న చిన్న బీరువాలు, వాటి తాళంచెవులు రబ్బరు పట్టీలకు కట్టి ఉన్నాయి. ఈదేవాళ్ళు ఆ పట్టీలు మణికట్టుకు వేసుకుంటున్నారు. పిచ్చుక స్నానపు జల్లు కిందకు పరుగెత్తింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా తెలియట్లేదండీ నాకు" అంది టీచర్. తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఒకటి అడగొచ్చా? కోపం రాదు కదా?"

"అడుగు."

"ఆవిడ గురించి నాకేమీ తెలియదు. ఆయన చెప్పరు. ఎప్పుడైనా ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. రేపు పిల్ల పెద్దదై, మా అమ్మ ఎలా ఉండేది అని అడిగితే నేనేం చెప్పాలి? మీరు కాస్త చెబితే..."

బిళ్ళలమ్మకు పొద్దుటినుంచీ రాని కోపం అప్పుడొచ్చింది. ఆ మనిషి మంచిగా అడిగినందుకే వచ్చింది.

"అల్లుణ్ణి తీసుకెళ్తున్నావు. పిల్లను తీసుకెళ్తున్నావు. తీసుకెళ్ళు, నేను కాదనలేదు. నాకు మిగిలింది నా కూతురొక్కతే. దాన్ని కూడా ఇమ్మంటావా?"

టీచర్ మొహం పాలిపోయింది. తువ్వాలు గుండెకు అదుముకుని అలా నిలబడిపోయింది. జల్లు కింద పిల్ల ఏదో పాడుకుంటోంది. పక్క వరసలో ఎవరో బీరువా తలుపు వేసుకుని వెళ్ళారు.

పిచ్చుక నీళ్ళు కారుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. టీచర్ వెంటనే వంగి తల తుడవబోయి, ఆగి, తువ్వాలు బిళ్ళలమ్మకు అందించింది. బిళ్ళలమ్మ తుడిచింది. చెవిలో తడి ఉంటే పిల్లకు పోటు వస్తుంది. చెప్పబోయేసరికి టీచర్ చేతిలో దూది సిద్ధంగా ఉంది.

"అమ్మమ్మా, అమ్మ ఇక్కడే పడుకునేదటగా. కెప్టెన్ తాత చెప్పాడు. ఎక్కడ?" అంది పిచ్చుక.

బిళ్ళలమ్మ కిటికీ నుంచి గోడ దాకా కళ్ళతోనే కొలుచుకుని ఒక మూలకు నడిచింది. అక్కడ తడిబట్టలు పిండే యంత్రం ఉంది.

"ఇక్కడ. కింది అరలో. కాళ్ళు గోడకు తన్నిపెట్టి పడుకునేది. గోడమీద రెండు నల్లటి మచ్చలు పడ్డాయి, ఎంత తోమినా పోలేదు."

"తర్వాత?"

తర్వాత ఏమిటి. పిల్ల తడికాళ్ళతో చూస్తోంది. ఆ వెనక టీచర్ ఊపిరి తీయకుండా వింటోంది. బిళ్ళలమ్మ బల్లమీద కూర్చుంది. వద్దనుకుంటూనే మొదలుపెట్టింది.

ఓడ కూత పెడితే చెవులు మూసుకునేది కాదు, తనూ అంత గట్టిగా కూత పెట్టేదని చెప్పింది. అక్షరాలు పలకమీద కాదు, పెట్టెలమీద రాసిన పేర్లు చదివి నేర్చుకుందని చెప్పింది. వంట రాదు, ఏది వండినా మాడ్చేదనీ, మాడిన వాసనే బాగుంటుందని వాదించేదనీ చెప్పింది. పిచ్చుక పొట్టలో ఉన్నప్పుడు రాత్రింబవళ్ళు మంచు ముక్కలు నమిలేదని చెప్పింది. అబద్ధమాడితే ఎడమ కన్ను కొట్టుకునేదనీ, అందుకే పెళ్ళి సంగతి తల్లికి చెప్పినప్పుడు ఆ కన్ను చేత్తో మూసుకుని నిలబడిందనీ చెప్పినప్పుడు టీచర్ నవ్వింది. నవ్వి, నవ్వినందుకు భయపడింది. బిళ్ళలమ్మ కూడా నవ్వింది.

చెప్తూ చెప్తూ ఒకచోట ఆగిపోయింది. ఇంకేం చెప్పాలో గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళ మనిషి. బట్టలు మార్చుకునే గదిలో, పిల్ల జుట్టు ఆరేలోగా అయిపోయింది.

"అంతేనమ్మా" అంది. "ఇంకా ఉంటాయి. జ్ఞాపకం వస్తే చెప్తాను."

టీచర్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద, ఆ తడిలోనే కూర్చుంది. గుమ్మం బయట అల్లుడు నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళ గది కాబట్టి లోపలికి రాలేదు.

బడులు తెరవడానికి కొద్దిరోజుల ముందు వాళ్ళు వెళ్ళిపోయారు. అంతకుముందు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది, బిళ్ళలమ్మ వెళ్ళి సాక్షి సంతకం పెట్టింది. పిల్ల బట్టలన్నీ ఉతికి, గుండీలు ఊడినవి కుట్టి, బొమ్మలు రెండు అట్టపెట్టెల్లో సర్ది పెట్టింది. కారు కదిలేముందు పిచ్చుక కిటికీలోంచి తల బయటపెట్టి, తొందరగా రమ్మని, వచ్చేటప్పుడు తన దిండు తెమ్మని చెప్పింది. దిండు కారులోనే ఉంది, ఒడిలోనే ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వస్తాను, తెస్తాను అంది బిళ్ళలమ్మ.

ఆ తర్వాత ఆమె బాగానే ఉంది. వండుకుంది, తిన్నది, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. పిల్ల ఫోను చేస్తే నవ్వుతూ మాట్లాడింది. అందరూ ధైర్యస్థురాలన్నారు.

ఒక మధ్యాహ్నం పై వాటాలో అద్దెకుండే బస్సు డ్రైవరు డ్యూటీకి బయలుదేరుతూ మెట్లు దిగి వచ్చి తలుపు తట్టాడు. ట్యాంకు నిండి నీళ్ళు గోడవెంట కారిపోతున్నాయి. బిళ్ళలమ్మ మోటారు వేసి కట్టెయ్యడం మరిచిపోయింది. ఆయన మంచి మనిషి, వచ్చి కొత్తే కాబట్టి ఈ ఇంటి సంగతులు పెద్దగా తెలియవు.

"పిన్నిగారూ, మోటారు కట్టలేదు. ఇంట్లో పిల్ల ఉండేది కదా, చెప్పేది. ఎవరూ లేరా?"

"లేరు" అంది బిళ్ళలమ్మ. తలుపు పట్టుకుని నిలబడింది. "మా అమ్మాయి పోయింది."

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. "అయ్యో. ఎప్పుడండీ?"

"నాలుగేళ్ళయింది."

అంతవరకూ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కూతురు పోయిననాడు డాక్టరు అన్నాడు, అల్లుడు అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. ఆమె ఒళ్ళో ఏడుస్తున్న పసిపిల్ల ఉంది. పాలు కలపాలి, నీళ్ళు పోయాలి, నిద్రపుచ్చాలి. ఆ పిల్ల నిద్రపోయాక ఏడుద్దామనుకుంది. పిల్లతోపాటే తనకూ నిద్రపట్టేసింది. మర్నాడూ అంతే. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు గుమ్మంలో, ముక్కూ మొహం సరిగా తెలియని మనిషి ఎదుట, ఆమె కుప్పకూలి ఏడ్చింది. కూతుర్ని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. స్నానాలగదిలో ఎందుకు కూర్చున్నావే అని, పిలిస్తే వచ్చేదాన్ని కదే అని, ఆ పొద్దునే జరిగినట్టు ఏడ్చింది.

డ్రైవరుకు ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి మోటారు కట్టి వచ్చాడు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. తర్వాత డిపోకి ఫోను చేసి, ఇంట్లో మనిషి పోయారు, ఇవాళ రాలేనని చెప్పి, చెప్పులు విడిచి గుమ్మం పక్కన కూర్చున్నాడు.